ఇరవై మూడో బ్లాకు ఉత్తరపు హద్దు

వైదేహికి పటాలు గీయడం బడిలో రాలేదు, ఇంట్లో వచ్చింది. ఆమె తండ్రి మల్లికార్జునయ్య జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెకు ముప్పై ఏళ్ళు కరణంగా చేశాడు. ఆయన అరుగు మీద ఎప్పుడు చూసినా పొలాల పటాలు పరిచి ఉండేవి. కొడుకులు లేకపోవడంతో పదేళ్ళ కూతురినే పక్కన కూర్చోబెట్టుకుని, నల్లసిరాతో హద్దులు దిద్దడం, దారికి చుక్కలు, బావికి సున్నా పెట్టడం నేర్పించాడు. ఆ పటాల పని మీద వచ్చేవాళ్ళు అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడేవాళ్ళు. వీధి మలుపు తిరిగాక వేరేగా మాట్లాడేవాళ్ళు. ఒకసారి ఒక ముసలామె బడి నుంచి వస్తున్న వైదేహికి అడ్డం నిలబడి, "మీ నాయన గీసిన గీతకు మా గట్టు మూరెడు జరిగె పాపా. ఆ మూరెట్లోనే మా బాయి పోయె" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే వైదేహి మర్చిపోయేది.

ఆ కరణీకం కూడు తినకూడదని ఆమె పట్టుబట్టి చదివింది. టీచరు ట్రెయినింగు అయింది. ప్రొద్దుటూరులో ఒక ఆడపిల్లల బళ్ళో ఉద్యోగం వచ్చింది. ప్లీడరు దగ్గర గుమాస్తాగా ఉన్న రామంతో పెళ్ళయింది. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసేది సాయంత్రానికి చెరిగిపోతుంది, దానివల్ల ఎవరి బావీ పోదు అనుకుంటూ ఆమె పదేళ్ళు హాయిగా గడిపింది.

1960లో జనాభా లెక్కల పని వచ్చింది. ఊరిని బ్లాకులుగా కోశారు. ఒక్కో బ్లాకుకు నూట ఇరవై, నూట ముప్పై ఇళ్ళు. ఘోషా ఇళ్ళలోకి మగవాళ్ళు పోలేరు కాబట్టి ఆడ టీచర్లు కూడా కావాలన్నారు. వైదేహికి ఇరవై మూడో బ్లాకు పడింది. ముందు బ్లాకంతా తిరిగి పటం గీయాలి, ఇళ్ళకు జేగురుతో నెంబర్లు వేయాలి, ఆ తర్వాత ఫిబ్రవరిలో మనుషులను రాయాలి.

ఐదారు బ్లాకులు కలిపితే ఒక సర్కిలు. ఆమె సర్కిలుకు సూపర్వైజరు జగన్నాథం. నెత్తిన నాలుగు వెంట్రుకలు, చంకలో ఎప్పుడూ ఒక ఫైలు. "అమ్మా, హద్దు అనేది గుడ్డోనికి కూడా తగలాల. గోడ, కాలవ, రోడ్డు, అట్లాటివి రాయండి. ఫలానాయన ఇంటి దాకా అని రాస్తే ఆయన పోతానే హద్దు కూడా పాయె" అని అందరికీ చెప్పాడు.

ఇరవై మూడో బ్లాకుకు ఉత్తరాన పత్తిమిల్లు. ఆ మిల్లు వెనకగోడే హద్దు. దాని అవతల కాలువ గట్టు నుంచి ఇరవై నాలుగో బ్లాకు మొదలు, అది వేరే మాష్టరుది. వైదేహి రెండు ఆదివారాలు ఎండలో వీధి వీధీ తిరిగింది. మిల్లు దగ్గరికి వచ్చేసరికి రెండో ఆదివారం మిట్టమధ్యాహ్నమైంది. చెప్పు తెగి, కాలు బొబ్బలెక్కింది. మిల్లు వెనక్కి పోవాలంటే పొడుగాటి గోడ వెంబడి చుట్టి రావాలి. గేటు దగ్గర కాపలావాణ్ణి అడిగింది.

"ఆ ఎనకపక్క ఏముండాదప్పా?"

"ఏముంటాదమ్మా, కంపచెట్లు. ఆ పక్క కాలవ" అన్నాడు వాడు.

ఆమె ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని పటం గీసింది. మిల్లు గోడ ఒక గీత, దాన్ని ఆనుకుని కాలువ గట్టు ఇంకొక గీత. రెండూ దగ్గరదగ్గరగా, సమానంగా, చూడ ముచ్చటగా వచ్చాయి. కింద అచ్చు వేసి ఉన్న "స్వయముగా తిరిగి చూచితిని" అనే మాట దగ్గర సంతకం చేసింది. జగన్నాథం ఆ పటాన్ని చూసి పొంగిపోయాడు. మిగతా టీచర్లకు చూపించి, "పటమంటే ఇదీ" అన్నాడు. దాన్ని నమూనాగా కడపకు పంపించాడు.

ఫిబ్రవరిలో లెక్క మొదలైంది. ఒక్కో మనిషికి ఒక్కో చీటీ. పేరు, వయసు, పెళ్ళి, పుట్టిన ఊరు, భాష, చదువు, చేసే పని. ఒక రోజు సాయంత్రం వైదేహి ఒక షావుకారింట్లో కూర్చుని రాస్తోంది. పెరట్లో ఒకామె పాత పరుపు విప్పి దూది ఏకుతోంది. ఆమెకు నలభై ఐదేళ్ళుంటాయి. తల మీద, కనుబొమల మీద దూది పేరుకుని ముందే ముసలిదైనట్టు ఉంది. ఏకడం ఆపి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, మమ్మల్ని ఎప్పుడు రాస్తావు? అందరి తలుపులకూ ఎర్రగా నెంబర్లేసినారు. మాకు ఎయ్యల్యా."

"మీరు యాడుంటారు?"

"మిల్లు ఎనకాల. దూదేకులోళ్ళ సందు."

"మిల్లు ఎనకాల కంపచెట్లు కదా?"

ఆమె నవ్వింది. "కంపచెట్లు కొట్టేసే కదమ్మా గుడిసెలేసుకునింది. మా అత్త కాలం నాడు."

ఆమె పేరు సైదున్నీసా. వీధుల్లో అందరూ సైదమ్మ అనేవాళ్ళు. వైదేహి మరునాడు పొద్దున్నే బడికి సెలవు పెట్టి ఆమె వెంట వెళ్ళింది. గోడకూ గట్టుకూ నడుమ ఒక బండి పట్టేంత దారి, దానికి రెండు వైపులా ఇళ్ళు. మట్టిగోడలు, పైన బోదగడ్డి కప్పు. లెక్కపెడితే ఇరవై ఆరు. మిల్లులో గింజలు తీయగా ఎగిరి వచ్చిన దూది కప్పుల మీద తెల్లగా పేరుకుంది. అందరూ పత్తి ఏకేవాళ్ళు, పరుపులు కుట్టేవాళ్ళు, మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు.

సందులో పెద్దమనిషి షంషుద్దీన్ ఒక ముక్కాలిపీట తెచ్చి వేప కింద వేశాడు. తమ నీళ్ళు ఆమె తాగదేమోనని ఎవరినో బజారుకు పంపి సోడా తెప్పించాడు. మూత తీయకుండానే ఆమె ముందు పెట్టాడు. వైదేహికి సిగ్గేసింది. సోడా తాగింది. దగ్గరున్న ఖాళీ చీటీల కట్ట విప్పి రాయడం మొదలుపెట్టింది.

వాళ్ళు చెప్పిన తీరు ఆమె ఎప్పటికీ మర్చిపోలేదు. షావుకారిళ్ళలో విసుక్కుంటూ, ఎంతమందో చేతి వేళ్ళు చూపించి పంపేవాళ్ళు. ఇక్కడ ఒక్కొక్కరూ మొహం కడుక్కుని వచ్చి నిలబడ్డారు. అజ్మత్ బీ అనే పండుముసలి వయసు అడిగితే, "ధాత కరువప్పుడు నేను నడుస్తాంటి, రాసుకో" అంది. వైదేహి లెక్కవేసి ఎనభై ఐదని రాసుకుంది. ఒకామె పది రోజుల బిడ్డను తెచ్చి, "దీనికింకా పేరు పెట్టల్యా, రాస్తావా?" అని అడిగింది. పేరు లేకపోయినా రాస్తామంటే ఆమె మొహం వెలిగిపోయింది. పొద్దు వాలేసరికి నూట ముప్పై ఒక్క చీటీలయ్యాయి.

ఆ చీటీలు పట్టుకుని వైదేహి నేరుగా జగన్నాథం దగ్గరికి పోయింది. ఆయన కట్ట విప్పలేదు.

"ఏ బ్లాకువివి?"

"ఏ బ్లాకుకూ రాకుండా నడుమ పడిపోయినాయండీ. నాది గోడ దాకా, ఆ మాష్టరుది గట్టు నుంచి. నా పటం తప్పు. నేను ఆ వెనక్కి పోయి చూడలేదు."

జగన్నాథం లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మెల్లగా మాట్లాడు తల్లీ. ఇళ్ళ పట్టీ డిసెంబరులోనే పోయింది. సర్కిల్లో ఇన్ని ఇండ్లని నేను సంతకం పెట్టినా. ఇప్పుడు ఇరవై ఆరు ఇండ్లు కొత్తగా మొలిచినాయంటే ఏమడుగుతారు? ఈయమ్మ తిరిగి చూసినానని రాసిందే, చూడకుండా ఎట్ల రాసింది? ఈ ముసలోడు తనిఖీ చేసినానని రాసినాడే, యాడ చేసినాడు? నాకు ఆర్నెల్లలో రిటైర్మెంటు. నీకు ఇంకా ఇరవై ఏండ్ల సర్వీసు."

"నూట ముప్పై ఒక్కమందండీ."

"దేశంలో నలభై కోట్లు. ఈ నూర్మంది లేకపోతే లెక్క ఒరుగుతాదా? వాళ్ళు యాడికీ పోరు, ఆడనే ఉంటారు. పదేండ్లకు మళ్ళా రాస్తారు." ఆయన చీటీలను సొరుగులో పెట్టి తాళం వేశాడు. "నేను చూసుకుంటాలే. నువ్వు ఇంటికి పో."

చూసుకోవడమంటే ఏమిటో వైదేహికి తెలుసు. తెలిసినా అడగలేదు. దారి పొడుగునా ఆయన ఏదో ఒక దారి చూస్తాడని తనకు తానే చెప్పుకుంది. ఆ మార్చి ఒకటో తేదీ సూర్యోదయానికి ఇరవై మూడో బ్లాకులో ఎంతమందో, ఇరవై నాలుగులో ఎంతమందో తేలిపోయింది. నడుమ ఎవరూ లేరు.

నాలుగు రోజుల తర్వాత బడి గేటు దగ్గర సైదున్నీసా ఎదురైంది. చంకలో దూది మూట, భుజాన ఏకే విల్లు.

"మమ్మల్ని రాసింది పైకి పాయెనా టీచరమ్మా?"

"పోయింది సైదమ్మా" అంది వైదేహి.

ఆ ఏడాది చివర ఆమెకు కడపలో ఒక యోగ్యతాపత్రం ఇచ్చారు. పటం శుభ్రంగా గీసినందుకు అని అందులో రాసి ఉంది. రామం దానికి అద్దం కట్టించి ముందుగదిలో తగిలించాడు. దాని పక్కనే పటం నకలు కూడా. కళ్ళు చూపించుకోవడానికి వచ్చిన మల్లికార్జునయ్య ఆ నకలు ముందు చాలాసేపు నిలబడ్డాడు. చూపు మందగించినా గీత చూస్తే మనిషి కదలడు. గోరుతో అద్దం మీద ఉత్తరపు హద్దును తాకాడు.

"ఈ గోడకూ గట్టుకూ మధ్య సర్కారు పోరంబోకు ఉండాలే, ఏ కాలవకైనా ఇడుస్తారు. సర్వే గొలుసు కొలతలో డెబ్భై లింకులకు తక్కువ ఉండదు. ఏం చేసినావమ్మా దాన్ని?"

ఆయన వెనక్కి తిరిగి కూతురి మొహం చూశాడు. అర్థమైపోయింది. కోప్పడతాడేమో అనుకుంది. ఆయన నవ్వాడు.

"నా బిడ్డవే" అన్నాడు.

ఆయన ఊరికి పోయిన రోజే ఆమె యోగ్యతాపత్రాన్నీ నకలునూ దించి పాత బట్టల పెట్టెలో వేసింది. రామం ఎందుకని అడిగితే చెదలు పడుతున్నాయంది.

1963లో వీధి కొళాయిలు వచ్చాయి. జనాన్ని బట్టి బ్లాకుకు ఇన్నని పెట్టారు. ఇరవై మూడుకు ఇచ్చింది మిల్లు ముందు నాటారు, ఇరవై నాలుగుకు ఇచ్చింది కాలువ దాటి నాటారు. దూదేకుల సందులో ఆడవాళ్ళు కాలువ నీళ్ళే తాగారు. కాలువకు నీళ్ళు ఆపేసినప్పుడు బిందెలు పట్టుకుని మిల్లు చుట్టూ తిరిగి వచ్చి వరసలో చివర నిలబడేవాళ్ళు. పక్క వీధివాళ్ళు అర్జీ పెట్టి ఇంకో కొళాయి వేయించుకున్నారు. వీళ్ళు అర్జీ పెట్టలేదు. సైదున్నీసా అందరికీ చెప్పిందట, "మనల్ని టీచరమ్మ రాసుకుని పాయె. మన పేర్లు పైన ఉండాయి. వరస ప్రకారం వస్తాది, తొందరపడొద్దండి" అని. ఆ మాట వైదేహి తరగతిలో చదివే సైదున్నీసా మనవరాలు జైబున్నీసా, అమ్మమ్మ ఇలా అంటోందని చెప్పింది. వైదేహి ఆ పూట పాఠం చెప్పలేకపోయింది.

మరుసటి ఏడాది మిల్లు యజమాని గిడ్డంగి కట్టాలనుకున్నాడు. గోడకూ గట్టుకూ నడుమనున్న పోరంబోకు కౌలుకు కావాలని అడిగాడు. జనం లేని జాగా అని రాశాడు. ఆఫీసులో బ్లాకుల పటం తీసి చూశారు. అక్కడ జాగాయే సరిగా కనపడలేదు, జనమెక్కడ? అభ్యంతరాలు ఉంటే చెప్పాలని నోటీసు మిల్లు గేటుకే అంటించారు. అది సందులోవాళ్ళకు తెలిసేసరికి గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది.

షంషుద్దీన్, సైదున్నీసా కలిసి వైదేహి ఇంటికి వచ్చారు. లోపలికి రమ్మన్నా రాలేదు, వసారాలోనే నిలబడ్డారు.

"అర్జీ రాయిస్తిమి తల్లీ" అన్నాడు షంషుద్దీన్. "యాభై ఏండ్లుగా ఉండామని రాయిస్తిమి. నమ్మకపోతే అరవై ఒకటిలో గవర్మెంటోళ్ళే మమ్మల్ని రాసుకున్నారు, టీచరమ్మే సాక్షి అని కూడా రాయిస్తిమి. నువ్వు వచ్చి ఒక్క మాట చెప్తే సాలు."

"మా సోడా తాగితివి కదమ్మా" అని సైదున్నీసా నవ్వింది. ఎగతాళిగా కాదు. చుట్టం కదా అన్నట్టు.

వాళ్ళు వెళ్ళాక లోపలినుంచి రామం వచ్చాడు. అంతా విన్నాడు. వైదేహి ఆ రోజు మొదటిసారి అతనికి సొరుగు సంగతి చెప్పింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ప్లీడరు దగ్గర పదిహేనేళ్ళు కాగితాలు మోసిన మనిషి.

"నువ్వు పోవద్దు. పోయినా నోరు విప్పొద్దు" అన్నాడు. "జనాభా చీటీలు రహస్యం. ఎవరికీ చూపించరు, సాక్ష్యానికి పనికిరావు. అది చట్టం. కాబట్టి వాళ్ళు రాసుకున్నారంటే లేదనేదానికి ఎవడికీ వీల్లేదు. ఆ మాట అట్లే నిలబడనీ. వచ్చే ఆఫీసరు గుడిసెలు చూస్తాడు, ముసలోళ్ళను చూస్తాడు, సగం నమ్ముతాడు. ఆ సగంతోనే వాళ్ళు బయటపడొచ్చు."

"మళ్ళా అబద్ధమా?"

"ఇది నీ అబద్ధం కాదు. వాళ్ళ నమ్మకం."

"వాళ్ళకు ఆ నమ్మకం ఇచ్చింది నేనే కదండీ."

వైదేహి వినలేదు. మూడేళ్ళుగా గొంతులో ముల్లు పెట్టుకుని తిరుగుతోంది ఆమె. ఉద్యోగం పోయినా సరే, ఈసారి నిజం చెప్పేస్తాననుకుంది. చెప్పేస్తే ఎవరైనా శిక్షిస్తారు, శిక్షిస్తే ప్రాణం తేలికపడుతుంది. తాను ఆలోచిస్తున్నది సందువాళ్ళ గురించా, తన ప్రాణం గురించా అని ఆ రోజు ఆమె తనను తాను ప్రశ్నించుకోలేదు.

విచారణ రోజున అధికారి గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సందువాళ్ళంతా ఒక పక్క, మిల్లు మనిషి ఒక పక్క. వైదేహి నిలబడి అన్నీ చెప్పింది. తాను మిల్లు వెనక్కి రాకుండా పటం గీశానంది. తర్వాత వచ్చి నూట ముప్పై ఒక్కమందిని రాశానని, ఆ చీటీలు పైకి పోలేదని, పోయాయని వాళ్ళకు అబద్ధం చెప్పానని అంది. తప్పు తనదేనంది. సూపర్వైజరు పేరు అడిగితే చెప్పింది. ఆయన అప్పటికే రిటైరై, పోయాడు కూడా.

అధికారి ఆమె వైపు జాలిగా చూశాడు. "పోలేదంటారు. అంటే లెక్కలో వీళ్ళు లేరు."

"లెక్కలో లేరు. ఇక్కడ ఉండారు."

"మీరు రాసినట్టు మీ దగ్గర కాగితం ఏమన్నా ఉందా?"

"లేదండీ."

ఆయన రాసుకున్నాడు. సంతకం చేయమంటే చేసింది. తల ఎత్తేసరికి సందువాళ్ళు ఆమెను చూస్తున్నారు. కోపం కాదు, ఇంకా ఏమీ అర్థం కాలేదు వాళ్ళకు. షంషుద్దీన్ పక్కవాణ్ణి, "ఏమంటాంది? రాయలేదంటాందా?" అని అడుగుతున్నాడు. సైదున్నీసాకు మాత్రం అర్థమైంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి గుడిసెలోకి పోయింది.

పదిహేను రోజులకు తీర్పు వచ్చింది. రామం నకలు తెచ్చి భార్య చేతికివ్వకుండా తనే చదివాడు. జనాభా లెక్కల్లో నమోదైనామని అర్జీదారులు చెప్పినది నిజం కాదని లెక్క తీసిన ఉపాధ్యాయురాలే ఒప్పుకున్నది. 1961లో ఇక్కడ నివాసమున్నట్లు దాఖలా లేదు. కావున ఇవి ఆ తరువాత వేసుకొన్న ఆక్రమణలు. ఆమె మాటల్లో సగం మాత్రమే ఆ కాగితంలో ఉంది. రెండో సగం, ఆమె వాళ్ళను కళ్ళారా చూసి పేరుపేరునా రాసిన సగం, రుజువు లేదని వదిలేశారు.

"నేను చెప్పితే వినకపోతివి" అన్నాడు రామం. ఆ మాట తర్వాత ఇంకెప్పుడూ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ బాధగా ఉండేది.

ఒక సోమవారం పొద్దున గుడిసెలు పీకేశారు. వైదేహి బడిలో ఉంది. కిటికీలోంచి చూస్తే మిల్లు వైపు దుమ్ము లేస్తోంది. జైబున్నీసా చోటు ఖాళీగా ఉంది. సాయంత్రం పోయి చూసింది. బోద కుప్పలు, విరిగిన కుండలు, వేపచెట్టు మిగిలాయి. కొందరు ఎర్రగుంట్ల పోయారన్నారు, కొందరు దువ్వూరు అన్నారు. అజ్మత్ బీని మంచంతో సహా బండిలో ఎక్కించారని, చెన్నూరు చేరకముందే దారిలో ప్రాణం పోయిందని ఎవరో చెప్పారు. అది నిజమో కాదో వైదేహికి తెలియలేదు. ఎవరిని అడిగినా "మాకేం తెలుసమ్మా" అన్నారు.

ఆమెపైన కూడా చర్య తీసుకున్నారు. రెండేళ్ళ ఇంక్రిమెంటు ఆపి, పులివెందులకు మార్చారు. శిక్ష పడింది గానీ ప్రాణం తేలికపడలేదు. రామం ప్రొద్దుటూరులోనే ఉండి వారానికొకసారి బస్సులో వచ్చేవాడు.

పులివెందులలో ఆమెకు మూడో ఏడు నడుస్తుండగా, ఒక వేసవి పొద్దున వీధిలో విల్లు తంత్రి మోగింది. దూది ఏకేవాళ్ళ పిలుపు అది. వైదేహి చేతిలో పని వదిలేసి బయటికి పరుగెత్తింది. సైదున్నీసాయే. ఇప్పుడు నిజంగానే ముసలిదైంది. ఏది దూదో ఏది జుట్టో తెలియడం లేదు.

"సైదమ్మా" అంది వైదేహి. "పరుపు ఉండాది, ఏకుతావా?"

సైదున్నీసా ఆమెను గుర్తుపట్టింది. వచ్చి వసారాలో కూర్చుని పరుపు విప్పింది. మధ్యాహ్నం దాకా ఏకింది. వైదేహి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తన చెంబుతోనే. సైదున్నీసా తీసుకుని పక్కన పెట్టింది, తాగలేదు.

కుట్టు ముగిసే వేళకు వైదేహి ఉండబట్టలేక అడిగింది. "షంషుద్దీన్ యాడుండాడు? ఆ పది రోజుల బిడ్డ ఏమాయె? జైబున్నీసా చదువుకుంటాందా? అందరూ యాడాడ ఉండారో చెప్పు సైదమ్మా."

సైదున్నీసా సూది, దబ్బనం మూటలో పెట్టుకుంది.

"ఎందుకమ్మా?" అంది. "మళ్ళా రాసుకునేదానికా?"

వైదేహి ఇవ్వబోయిన కూలి తీసుకుని, సరిగ్గా ఉందో లేదో కూడా చూడకుండా విల్లు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. వీధి చివర తంత్రి రెండుసార్లు మోగింది.

1970లో కొత్త లెక్కలకు ఇళ్ళ నెంబర్లు వేయడం మొదలైనప్పుడు, తనకు ఆ పని వద్దని వైదేహి హెడ్‌మాష్టరును బతిమాలింది. పాత కాగితాల్లో ఆమె పటానికి వచ్చిన యోగ్యతాపత్రం సంగతి ఉంది. గీత బాగుంటుందని పేరుంది. ఆయన ఒప్పుకోలేదు. పులివెందులలో పదకొండో బ్లాకు ఇచ్చారు. ఆమె దాని చుట్టూ మూడుసార్లు తిరిగింది. ప్రతి గోడ వెనక్కీ పోయి చూసింది. ఆ బ్లాకులో నడుమ పడిపోయిన ఇల్లు ఒక్కటి కూడా లేదు.